నితీష్‌ని అమ్మేద్దాం అంటున్న బావలకు

ఐపీఎల్ 2025 అయిపోయిన దగ్గర్నుంచీ మా వైపు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. నందిగామలో టీ కొట్టు దగ్గర నిలబడండి, జగ్గయ్యపేటలో పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చోండి, శుక్రవారం రాత్రి హైదరాబాదు నుంచి వచ్చే బస్సులో పక్క సీటువాడితో మాట కలపండి. క్రికెట్ ఊసొస్తే చాలు, పది నిమిషాల్లో ఎవడో ఒకడు అంటాడు: "సన్‌రైజర్స్ వాళ్లు ఆ నితీష్ కుమార్ రెడ్డిని అమ్మి పారెయ్యాలండీ". అంతకు కొన్ని నెలల ముందు మెల్‌బోర్న్ సెంచరీ వీడియోని స్టేటస్ పెట్టుకుని తిరిగింది కూడా వీళ్లే. 2025 నవంబర్ 15న రిటెన్షన్ లిస్టు వచ్చింది, టీమ్ అతన్ని వదల్లేదు. హమ్మయ్య, ఇక ఆపుతారులే అనుకున్నాను. అబ్బే. "ఉంచి తప్పు చేశారు" అని కొత్త రాగం ఎత్తుకున్నారు.

తప్పు కాదు. అమ్మి ఉంటే అదే తప్పయ్యేది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు అవతలివాళ్ల దగ్గరున్న సరుకంతా నేనే బల్ల మీద పెట్టేస్తాను, దాచుకునేదేం లేదు. 2025 సీజన్లో నితీష్ 13 మ్యాచ్‌లు ఆడాడు. 11 సార్లు బ్యాట్ పట్టుకుని దిగాడు. కొట్టింది 182 పరుగులు. సగటు 22.75, స్ట్రైక్ రేటు 119 కూడా లేదు. ఒక్క ఫిఫ్టీ లేదు. వికెట్లు రెండు. మార్చి 30న విశాఖపట్నంలో, సొంత ఊళ్లో, సొంత జనం ముందు, స్టార్క్ బౌలింగులో రెండు బంతులాడి సున్నాకి వెనక్కొచ్చేశాడు. టీమ్ ఆరో స్థానంలో తేలింది. జీతం 6 కోట్లు. ఇంతే కదా? ఇంతకంటే చెడ్డ లెక్క ఏదన్నా మిగిలిందా? లేదు. ఇందులో ఒక్క అంకెతో కూడా నాకు పేచీ లేదు. ఈ అంకెల్నించి "అమ్మెయ్యాలి" అన్న మాటకి ఏ దారిలో వెళ్లారన్నదే నా పేచీ.

మా బావకి (మేనమామ కొడుకు, నందిగామలో ఎరువుల కొట్టు) ఆ దారి చాలా తేలిక.

"ఏం బావా, మీ కంపెనీలో అయితే ఇలాంటోణ్ణి ఉంచుతారా?" అన్నాడు.

"ఉంచరు బావా. అందుకే మా కంపెనీలు కప్పులు గెలవవు" అన్నాను.

ఆయన నవ్వేశాడు గానీ నేను జోకు వెయ్యలేదు. మన ఫీల్డులో ఉన్నవాళ్లకి ఈ బెల్ కర్వ్ సంగతి చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి అందర్నీ వరసలో నిలబెట్టి, చివరి పది శాతం మందికి ఒక ముద్ర కొట్టి, పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అని ఒక అందమైన పేరు పెట్టి బయటికి దారి చూపిస్తారు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట మా టీమ్‌మేట్ వెన్నుకి ఆపరేషన్ చేయించుకుని మూడు నెలల తర్వాత వచ్చాడు. వచ్చిన ఆర్నెల్లకి అప్రైజల్. "ఈ ఏడాది నీ అవుట్‌పుట్ తక్కువ" అన్నారు. తక్కువే, అబద్ధం కాదు. అతను వెళ్లిపోయాడు. అతను రాసిన మాడ్యూల్‌ని ముట్టుకోడానికి తర్వాత ఏడాది పాటు ఎవ్వరికీ ధైర్యం చాల్లేదు. ఈ సిస్టమ్‌ని మనమే కాంటీన్లో కూర్చుని రోజూ తిట్టుకుంటాం. శనివారం ఊరికొచ్చి టీవీ ముందు కూర్చోగానే మనమే హెచ్చార్ మేనేజర్లం అయిపోతాం. ఇదెక్కడి న్యాయం?

నితీష్ సంగతి కూడా అచ్చం అంతే. 2025 జనవరిలో ఇంగ్లండుతో టీ20 సిరీస్ మొదలవగానే అతనికి పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది, సైడ్ స్ట్రెయిన్ అంటారు. సిరీస్ మొత్తానికీ దూరం. ఐపీఎల్ మొదలయ్యే వేళకి తేరుకున్నాడు గానీ ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడికి ఈ దెబ్బ మామూలుది కాదు. బంతి వదిలే క్షణంలో బరువంతా మెలితిరిగి పడేది ఆ కండరం మీదే. అందుకే ఆ సీజన్లో అతను బౌలింగ్ వేసిందే బహు తక్కువ. ఆల్‌రౌండర్‌గా కొనుక్కున్నవాణ్ణి వట్టి బ్యాట్స్‌మన్‌గా దించి, ఆనక ఆల్‌రౌండర్ లెక్కల్తో తూచి, తూకం తగ్గిందని గోల పెడితే ఎలా? "బౌలింగ్ వెయ్యలేనివాణ్ణి ఎందుకు దించారు" అని అడగండి, ఒప్పుకుంటాను. అది కోచ్‌ని అడగాల్సిన ప్రశ్న. కుర్రాణ్ణి అమ్మెయ్యడానికి అది కారణం కాదు.

ఇప్పుడు 2024కి వద్దాం. ఇది అందరూ హాయిగా మర్చిపోయిన సంవత్సరం. 2022 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ ఇతన్ని 20 లక్షలకి తీసుకుంది. బేస్ ధర, పోటీకొచ్చినవాడు లేడు. 2023లో రెండు మ్యాచ్‌లు ఆడించారు, అంతే. 2024లో 303 పరుగులు, స్ట్రైక్ రేటు 143కి దగ్గర, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. ఇవి అందరికీ తెలిసిన లెక్కలే. కానీ పరుగులు ఎన్ని అనేదాని కంటే ఎప్పుడు అనేది చూడండి.

ఏప్రిల్ 9, ముల్లన్‌పూర్, పంజాబ్ మీద. టాప్ ఆర్డర్ కుప్పకూలింది. ఇతను 37 బంతుల్లో 64 కొట్టాడు. టీమ్ స్కోరు 182. మ్యాచ్ గెలిచింది 2 పరుగుల తేడాతో. మే 2, ఉప్పల్, రాజస్థాన్ మీద. 42 బంతుల్లో 76 నాటౌట్. గెలిచింది ఒక్క పరుగు తేడాతో, అదీ ఆఖరి బంతికి భువనేశ్వర్ వికెట్ తీస్తే. అంటే రెండు మ్యాచ్‌లు, కలిపి మూడు పరుగుల తేడా, నాలుగు పాయింట్లు. ఆ ఏడాది లీగ్ దశలో సన్‌రైజర్స్‌కి వచ్చింది 17 పాయింట్లు. నాలుగు తీసేయండి, 13. నాలుగో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లిన బెంగళూరుకి 14. మరి ఆ ఏడాది మనం ఫైనల్ చూశామంటే అందులో ఈ కుర్రాడి వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి. హెడ్, అభిషేక్ బాదిన సిక్సర్ల కింద ఈ రెండు మ్యాచ్‌లూ నలిగిపోయాయి గానీ, టీమ్ ఖాతా పుస్తకంలో మాత్రం ఉన్నాయి.

ఇక మెల్‌బోర్న్. 2024 డిసెంబర్ 28. ఆస్ట్రేలియా 474 కొట్టింది, మనవాళ్లు 221కి 7. ఫాలో ఆన్ తప్పుతుందా లేదా అన్న స్థితి. ఎనిమిదో నంబర్లో వచ్చిన 21 ఏళ్లవాడు వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించి, చివరికి 114 చేశాడు. 99 దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి ఉండగా బుమ్రా అవుటైపోయాడు. ఆఖరివాడు సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతుల్ని ఎలాగో ఆపాడు. ఆ తర్వాతే బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి సెంచరీ. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ముత్యాలరెడ్డి గారు కళ్లు తుడుచుకోవడం దేశమంతా చూసింది. ఆయన కొడుకు ఆట కోసం హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్నాడన్నదీ అందరికీ తెలుసు.

ఆ కన్నీళ్లని నేను వాదనకి వాడుకోను. కన్నీళ్లు చూసి జట్టులో చోటివ్వడం మొదలుపెడితే ప్రతి ఊళ్లోనూ పది మంది నాన్నలున్నారు. "మనోడు కాబట్టి ఉంచాలి" అనే బ్యాచ్ ఒకటుంది, వాళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. అసలు మనోడంటే ఏంటి? నందిగామ నుంచి గాజువాక సుమారు 400 కిలోమీటర్లు. ఉప్పల్ స్టేడియం అందులో సగం దూరం. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు తగిలిందంటే ఆవల తెలంగాణే. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద మాది ఎన్టీఆర్ జిల్లా, నోట్లో ఇంకా కృష్ణా జిల్లానే. ఈ లెక్కన ఎవడు మనోడో, ఎవడు కాదో తేల్చడానికి ఒక రెవెన్యూ ఆఫీసు పెట్టాలి. పక్కన పెట్టండి. ఆ మెల్‌బోర్న్ ఇన్నింగ్స్‌లో నాకు కావాల్సింది వేరే. అవతల బంతి పట్టుకుని సిరాజ్ మీదికి ఉరికొస్తున్న కమిన్స్ సన్‌రైజర్స్ కెప్టెనే. ఈ కుర్రాడి గుండె ఎంత గట్టిదో అందరికంటే దగ్గర్నుంచి, ఇరవై రెండు గజాల అవతల నిలబడి చూసినవాడు అతనే. అలాంటి కెప్టెన్ ఉన్న టీమ్ ఇతన్ని వదల్లేదంటే అందులో ఆశ్చర్యం ఏముంది?

ఇదే సీన్లో ఆ చివర్న బ్యాట్ పట్టుకుని నిలబడ్డ సిరాజ్ ఉన్నాడు చూశారూ, నా అసలు వాదన అంతా అతనే.

మహ్మద్ సిరాజ్ ఏ ఊరివాడు? హైదరాబాద్. ఆటోడ్రైవర్ కొడుకు. 2017 వేలంలో సన్‌రైజర్సే 2.6 కోట్లకి కొన్నది. ఆ సీజన్లో 6 మ్యాచ్‌లు ఆడించారు, 10 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది మెగా వేలంలో బెంగళూరు అదే 2.6 కోట్లకి ఎగరేసుకుపోయింది. అక్కడికెళ్లి వెంటనే వెలిగిపోయాడా? లేదు! 2019లో 9 మ్యాచ్‌లకి 7 వికెట్లు, ఓవరుకి తొమ్మిదిన్నర పరుగుల చొప్పున సమర్పించుకున్నాడు. అతని మీద వచ్చిన తిట్లు మామూలుగా లేవు. మీ నాన్నతో పాటు ఆటో తోలుకో అన్నవాళ్లు కూడా ఉన్నారు. బెంగళూరు అమ్మలేదు. 2020 అక్టోబర్ 21న అబుదాబిలో కోల్‌కతా మీద 4 ఓవర్లు, 2 మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఒక ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. 7 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్నారు. 2022లో మళ్లీ ఢమాల్. 15 మ్యాచ్‌లకి 9 వికెట్లు, 31 సిక్సర్లు ఇచ్చాడు, ఒక సీజన్లో అన్ని సిక్సర్లు అప్పటిదాకా ఎవడూ ఇవ్వలేదు. అప్పుడు కూడా అమ్మలేదు. 2023లో 14 మ్యాచ్‌లకి 19 వికెట్లు.

ఇప్పుడు 2025 ఏప్రిల్ 6కి రండి. ఉప్పల్. సిరాజ్ అప్పటికి గుజరాత్ జెర్సీలో ఉన్నాడు, 12.25 కోట్లు. తన సొంత గ్రౌండులో, ఒకప్పుడు తనని వదిలేసిన టీమ్ మీద 17 పరుగులకి 4 వికెట్లు, అతని ఐపీఎల్ కెరీర్లోనే బెస్ట్. మనవాళ్లు తంటాలు పడి 152 చేశారు. అందులో టాప్ స్కోరర్ ఎవరో గుర్తుందా? నితీష్ కుమార్ రెడ్డి, 31. ముప్ఫై నాలుగు బంతులు తిన్నాడు, చూడ్డానికి అందంగా ఏం లేదు. కానీ ఆ రోజు ఉప్పల్లో హైదరాబాద్ టీమ్ పోగొట్టుకున్నవాడు ఒక చివర, పోగొట్టుకోమని మీరు సలహా ఇస్తున్నవాడు ఇంకో చివర. నేను అది చూస్తూ మా హాల్లో ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్లింది.

సిరాజ్ ఒక్కడే అనుకుంటున్నారా? మధ్యలో బ్యాటింగ్ చేసి, కాస్త ఫాస్ట్ బౌలింగ్ వేసే మన దేశపు కుర్రాళ్ల జాతకాలు వరసగా చూడండి. హార్దిక్ పాండ్యా 2016 సీజన్ మొత్తం మీద చేసినవి 44 పరుగులు. నలభై నాలుగు! ముంబై అమ్మలేదు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో నేను చెప్పాలా? శివమ్ దూబేని బెంగళూరు 5 కోట్లకి కొని, రెండేళ్లు చూసి వదిలేసింది. రాజస్థాన్ 4.4 కోట్లకి కొని ఒక్క ఏడాదికే వదిలేసింది. చెన్నై 4 కోట్లకి తీసుకుని, ఇతనికి ఏ బౌలింగ్ పడుతుందో, ఏ ఓవర్లో దింపాలో కనిపెట్టింది. 2023లో 418 పరుగులు, కప్పు. 2024లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో కూడా ఆడాడు. మొదటి రెండు టీములూ అమ్మింది చెడిపోయిన సరుకు కాదు, తమకి వాడటం చేతకాని సరుకు. రియాన్ పరాగ్ బౌలింగ్ వేరు గానీ కథ ఇదే. 2023లో 7 మ్యాచ్‌లకి 78 పరుగులు, దేశమంతా వెక్కిరింత. రాజస్థాన్ ఉంచుకుంది. 2024లో 573.

ఫుట్‌బాల్ చూసే తమ్ముళ్ల కోసం ఒక్క ముక్క. కెవిన్ డి బ్రైనా అనే మిడ్‌ఫీల్డర్‌ని చెల్సీ 2014 జనవరిలో జర్మనీకి అమ్మేసింది. రెండేళ్లు తిరక్కుండా మాంచెస్టర్ సిటీ సుమారు మూడింతల ధర పెట్టి ఇంగ్లండుకి వెనక్కి తెచ్చుకుంది, ఆరు లీగ్ టైటిళ్లు కొట్టింది. అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ ఆటలు చూసి, "చెల్సీ వాళ్లకి బుర్ర లేదు" అనేది మీరే. తెల్లారి లేచి నితీష్‌ని అమ్మెయ్యమనేదీ మీరే.

"అలా ఉంచుకున్నవాళ్లంతా పైకొచ్చారా? అబ్దుల్ సమద్ సంగతేంటి?" ఇది మా బావ వేసిన మంచి ప్రశ్న. న్యాయంగా చెప్పాలంటే అవతలి పక్షం వాదనల్లో నాకు కాస్త చెమట పట్టించింది ఇదొక్కటే. 2021 నవంబర్లో సన్‌రైజర్స్ రషీద్ ఖాన్‌ని వదులుకుని, సమద్‌నీ ఉమ్రాన్ మాలిక్‌నీ చెరో 4 కోట్లకి ఉంచుకుంది. 2022లో సమద్‌ని ఆడించింది రెండే మ్యాచ్‌లు. ఉమ్రాన్ ఆ ఏడాది 22 వికెట్లు తీసి మెరిశాడు, తర్వాత ఆరిపోయాడు. చివరికి ఇద్దరూ వెళ్లిపోయారు. నిజమే, ఓపిక పట్టిన ప్రతిసారీ పండదు. కానీ తేడా చూడండి. సమద్ ఏడో నంబర్లో వచ్చి పది బంతులాడేవాడు. ఉమ్రాన్‌కి వేగం తప్ప రెండో ఆయుధం లేదు. నితీష్‌కి అప్పటికే టెస్టు సెంచరీ ఉంది. 2024 అక్టోబర్లో ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద 34 బంతుల్లో 74 కొట్టి అదే మ్యాచ్‌లో రెండు వికెట్లు తీశాడు. 2025 జులైలో లార్డ్స్ టెస్టులో బంతి చేతికిచ్చిన మొదటి ఓవర్లోనే ఇంగ్లండు ఓపెనర్లిద్దర్నీ అవుట్ చేశాడు. మెరుస్తాడేమో అని ఉంచుకోవడం ఒకటి, మెరిసినవాణ్ణి దెబ్బ తగిలి మసకబారిన ఏడాది ఉంచుకోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒక గాటన కట్టకూడదు.

పోనీ అమ్మితే ఏమొస్తుందో చూద్దాం. వ్యాపారం వ్యాపారంలాగే మాట్లాడుకుందాం. 2025 సీజన్‌కి ఒక్కో టీముకి ఖర్చు పెట్టుకోడానికి ఇచ్చింది 120 కోట్లు. 6 కోట్లంటే అందులో 5 శాతం. విడుదల చేస్తే ఆ 6 కోట్లు పర్సులోకి తిరిగొస్తాయి, అంతకు మించి పైసా రాదు. ట్రేడ్ చేస్తే కొన్న టీమ్ అదనంగా ఏమన్నా ఫీజు ఇవ్వొచ్చు గానీ అది యజమాని ఖాతాలోకి పోతుంది, వేలం పర్సులోకి రాదు. దాంతో ఆటగాణ్ణి కొనలేరు. పైగా ట్రేడ్‌కి ఆటగాడు ఒప్పుకోవాలి. 2025 జులైలో ఇతను టీమ్ మారుతున్నాడని పుకార్లు లేస్తే, తనే బయటికొచ్చి సన్‌రైజర్స్‌తోనే ఉంటానని రాశాడు. అంటే మిగిలింది ఆ 6 కోట్లు. వాటితో వేలంలో ఏం దొరుకుతుంది? విదేశీ కోటా వాడకుండా, టాప్ ఆరులో ఆడి, ఫాస్ట్ బౌలింగ్ వేసే భారతీయుడు ఎంతకి దొరుకుతాడు?

మార్కెట్ ఈ ప్రశ్నకి నెల తిరిగేసరికి జవాబు చెప్పింది. వెంకటేశ్ అయ్యర్‌ని కోల్‌కతా 2024 నవంబర్లో 23.75 కోట్లకి కొన్నది. 2025లో అతను చేసింది 142 పరుగులు, నితీష్ కంటే తక్కువ. వదిలేశారు. డిసెంబర్ 16న అబుదాబి వేలంలో బెంగళూరు 7 కోట్లు పెట్టి తీసుకుంది. దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడని ప్రశాంత్ వీర్ అనే ఆల్‌రౌండర్‌కి చెన్నై 14.20 కోట్లిచ్చింది. ఇదీ బజారు. ఈ బజార్లో 6 కోట్ల నితీష్‌ని వదిలేసి సంచీ పట్టుకుని వెళ్తే ఏం తెచ్చుకుంటారు, కరివేపాకా?

మా బావకి ఇది ఎరువుల కొట్టు భాషలో చెప్పి చూశాను. "మిరపకాయల రేటు పడిపోయినప్పుడు కల్లంలోనే అమ్ముకుంటారా, ఏసీలో పెట్టుకుంటారా?" (మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు.)

"ఏసీలో పెడితే అద్దె ఎవడు కడతాడు బావా? పైగా రెండేళ్లు పెడితే రంగు దిగుద్ది" అన్నాడు. మెట్ట రైతుల మధ్య పుట్టినవాడు, ఊరికే ఒప్పుకుంటాడా?

సరే, అద్దె 5 శాతం. రంగు సంగతంటారా, సన్‌రైజర్స్ ఆ సీజన్లో చివరి మ్యాచ్ ఆడింది మే 25న. మర్నాడు, అంటే మే 26న, నితీష్‌కి 22 ఏళ్లు నిండాయి. ఇరవై రెండేళ్లకే రంగు దిగిపోతుందా? మనలో చాలామందికి ఆ వయసులో ఇంకా బ్యాక్‌లాగ్సే తేల్లేదు కదా :)

అమ్మడమే పాపం అని నేను అనడం లేదు. అదే 2025 నవంబర్లో సన్‌రైజర్స్ షమీని 10 కోట్లకి లక్నోకి ఇచ్చేసింది. అది సరైన పని. ఆ సీజన్లో 9 మ్యాచ్‌లకి 6 వికెట్లు, పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు. వయసు 35. షమీ గొప్ప బౌలర్, అందులో సందేహం లేదు, కానీ 10 కోట్లు పర్సులోకి వస్తే దాన్ని మూడు నాలుగేళ్ల కోసం వాడుకోవచ్చు. వదలాల్సింది వదిలారు, ఉంచాల్సింది ఉంచారు. వాళ్ల సెలక్షన్ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకి కనీసం ఈ తేడా తెలిసింది.

కొందరు ఇంకో తెలివైన మెలిక పెడతారు: "చూద్దాం, తర్వాత ఆడితే నువ్వు గెలిచినట్టు, ఆడకపోతే మేం గెలిచినట్టు". ఈ పందేనికి నేను రాను. ఆ ఏడాది నవంబర్ 15న టేబుల్ మీద ఉన్న సమాచారం ఏంటి, దాని ప్రకారం ఏది మంచి నిర్ణయం, అదొక్కటే ప్రశ్న. ఆ తర్వాత అతను ఆడినవీ, ఆడబోయేవీ ఆ రోజు ఎవరి దగ్గరా లేవు. శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్లో కోడ్ ఎక్కించినవాడికి ఒకసారి ఏమీ పగలకపోతే వాడు గొప్ప ఇంజినీర్ అయిపోడు. మోకాలికి దెబ్బ తగలొచ్చు, తొడ కండరం పట్టెయ్యొచ్చు, 2025లోనే రెండూ జరిగాయి కూడా. దురదృష్టానికి కూడా మార్కులు వేసుకుంటూ పోతే ఇక వాదించుకోడం ఎందుకు, చిలక జోస్యం చెప్పించుకుంటే సరిపోతుంది.

నాకు కడుపుమంట ఎక్కడంటే, ఈ "అమ్మెయ్యండి" మాట బయటివాళ్లు అనడం లేదు. 2011లో డెక్కన్ ఛార్జర్స్ వేలానికి ముందు ఒక్కణ్ణీ ఉంచుకోలేదు, రోహిత్ శర్మ ముంబైకి పోయాడు. అతనిది కూడా మొదటి టీమ్ హైదరాబాదే, వాళ్లమ్మ గారిది విశాఖపట్నమే. 2013లో ముంబైకి కెప్టెన్‌గా మొదటి కప్పు తెచ్చిపెట్టాడు. తిలక్ వర్మ హైదరాబాద్ కుర్రాడు, 2022లో 1.70 కోట్లకి ముంబై తీసుకెళ్లింది. సిరాజ్ కథ పైన చెప్పాను. ఇన్నేళ్లలో మన పక్కనుంచి వచ్చి, మన టీమ్‌లోనే 20 లక్షల దగ్గర మొదలై, ఇండియా టోపీ పెట్టుకునే దాకా ఎదిగినవాడు నితీష్. వాళ్లందర్నీ పోగొట్టుకున్నప్పుడు మేనేజ్‌మెంట్‌ని తిట్టాం. ఇతన్ని వాళ్లు పోగొట్టుకోకుండా పట్టుకుంటే, మనమే వెనక నిలబడి "తోసెయ్, తోసెయ్" అని అరుస్తున్నాం.

మా జగ్గయ్యపేట గ్రౌండులో ఆదివారం పొద్దున్నే ప్రాక్టీసుకొచ్చే పిల్లలు ఉంటారు, పదమూడు పద్నాలుగేళ్లవాళ్లు. 2025 సీజన్ మధ్యలో ఊరెళ్లినప్పుడు వాళ్ల మాటలు విన్నాను. ఒకడు వరసగా రెండు సార్లు డకౌటయ్యాడని మిగతావాళ్లు వాణ్ణి "ఒరేయ్ నితీష్" అని పిలుస్తున్నారు. అప్పటికి మెల్‌బోర్న్ అయి ఐదు నెలలు కూడా కాలేదు. ఆ పేరుని ఆ పిల్లల నోట్లో తిట్టుగా పెట్టింది ఎవరో నాకు తెలుసు. టీ కొట్ల దగ్గర నిలబడేవాళ్లే. మా బావ కూడా అందులో ఉన్నాడు, ఇది చదివి ఫోన్ చేస్తాడు. చెయ్యనీండి, 182 దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడదాం.